మరిచిపోయినట్టు సంతకం

గొర్రెలమెట్ట ఉన్నత పాఠశాలకి ఇంటర్నెట్టు వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించింది హైమవతి టీచరు. అందరికంటే ఎక్కువ భయపడింది హెడ్మాస్టరు పకీర్నాయుడు గారు. ఇద్దరి కారణాలూ సబబైనవే.

హైమవతి జీవశాస్త్రం చెబుతుంది. ఆరేళ్ల కిందట ఆమెని ఈ కొండమీదికి వేశారు. భర్త బొబ్బిలిలో కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఐదేళ్ల కూతురు మోక్షిత అక్కడే నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. గొర్రెలమెట్టలో సెల్‌ఫోను అలారం పెట్టుకోవడానికీ ఫొటోలు చూసుకోవడానికీ తప్ప ఇంకెందుకూ పనికిరాదు. సిగ్నలు కావాలంటే పద్నాలుగు కిలోమీటర్లు కిందికి దిగాలి. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. శనివారం సాయంత్రం దిగి సోమవారం పొద్దున ఎక్కే ఈ తల్లిని చూసి ఆ పిల్ల ఓ ఆదివారం చాలా మర్యాదగా, "మళ్లీ మీ ఇంటికెప్పుడెళ్తావమ్మా?" అని అడిగింది. హైమవతి స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది.

ఈ ఏడు ఉపాధ్యాయుల బదిలీలున్నాయి. ఎవరికి ఏ ఊరు కావాలో కంప్యూటర్లోనే ఆప్షన్లు పెట్టుకోవాలి. ఆరేళ్ల కొండ సర్వీసు కలిపితే బొబ్బిలి ఆమెకి ఖాయం. పెట్టుకోవడానికి ఇంటర్నెట్టు ఒక్కటే తక్కువ, అదీ వచ్చేసింది.

ఇక పకీర్నాయుడు గారి భయం సంగతి. ఎనిమిదేళ్ల కిందట ఆయన చీఫ్ సూపరింటెండెంటుగా ఉన్న పరీక్షా కేంద్రంలో ఫ్యాను గాలికి పదో తరగతి బిట్ పేపరొకటి కిటికీలోంచి ఎగిరిపోయింది. దాన్ని ఎవడో ఫొటో తీశాడు. గాలిని సస్పెండ్ చేసే నిబంధన లేదు కాబట్టి పకీర్నాయుడు గారిని సస్పెండ్ చేశారు. పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నారు. అప్పట్నుంచీ ఆయన ఫ్యాను కింద కాగితం ముట్టరు. 'లీకు' అన్న మాట వింటే, అది కుళాయి గురించైనా సరే, ఆయన ముఖంలో నెత్తురు చుక్క ఉండదు.

ఇంటర్నెట్టు పెట్టె బిగించడానికి జీపులో ఇద్దరొచ్చారు. అరచేయంత తెల్లటి పెట్టె, రెండు కొమ్ములు. స్టాఫు రూములో గోడకి కొట్టి, తీగ తగిలించి, "మేడమ్, దీనికి పేరూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే. అలా వదిలేస్తే దారినపోయేవాడు కూడా లోపలికొచ్చి పెట్టె మొత్తం వాడి చేతిలో పెట్టుకుంటాడు. ముందు మార్చుకోండి" అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

హైమవతి ఆ ముక్కే హెడ్మాస్టరు గారికి చెప్పింది. "సార్, పాస్‌వర్డు మార్చాలట. లేకపోతే అందరికీ తెలిసిపోతుందట."

పకీర్నాయుడు గారు లేచి ముందు తలుపు వేశారు. తరవాత కిటికీలు వేశారు. ఫ్యాను కట్టేశారు. అప్పుడొచ్చి కూర్చుని, "ఆ మాట ఇంకెవరితోనైనా అన్నారా?" అన్నారు.

"లేదండీ."

"అనకండి. ఇది మన స్థాయిలో తేలేది కాదు. పైకి రాద్దాం."

రెండు నిమిషాల్లో తేలిపోయే పని అని హైమవతికి తెలుసు. కానీ హెడ్మాస్టరు గారు మళ్లీ లేచి తలుపు గడియ సరిచూసుకోవడం చూసి జాలేసి ఊరుకుంది. ఆ జాలికి తరవాత చాలాసార్లు తనని తానే తిట్టుకుంది.

పై నుంచి పదిహేను రోజులకి జవాబొచ్చింది. "పై సూచికయందలి లేఖను సమగ్రముగా పరిశీలించడమైనది. సదరు సంకేతపదము గోప్య సామగ్రి నిర్వచనము పరిధిలోనికి వచ్చుచున్నందున, గోప్య సామగ్రి విషయమై ఇదివరకే అమలులోనున్న మార్గదర్శకములను తుచ తప్పక పాటించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఏ విధమైన ఉపేక్షయైనను తీవ్రముగా పరిగణింపబడును."

బడిలో గోప్య సామగ్రి అంటే ఒకటే: ప్రశ్నపత్రం. దానికి మార్గదర్శకాలంటే ఒకటే: పదో తరగతి పరీక్షల నిర్వహణ పుస్తకం. పకీర్నాయుడు గారు బీరువాలోంచి ఆ పుస్తకం తీసి, దుమ్ము దులిపి, కళ్లకద్దుకున్నారు. పదకొండు నెలల్లో ఆయన దాన్ని ఎన్నిసార్లు చదివారో లెక్కలేదు. ఇన్నాళ్లకి అందులో ప్రతి అక్షరమూ పనికొచ్చే పని దొరికింది.

మర్నాడు స్టాఫు మీటింగులో కొత్త పదవులు ప్రకటించారు. చీఫ్ సూపరింటెండెంటు తాను. కస్టోడియను హిందీ మాస్టారు కూర్మారావు గారు. మిగతా ఏడుగురూ ఇన్విజిలేటర్లు.

పాస్‌వర్డుని బడిలోవాళ్లు తయారుచేయకూడదు. ప్రశ్నపత్రాన్ని ఏ బడి మాస్టారు ఆ బడికి తయారుచేయడు కదా. కాబట్టి వేరే మండలంలో, పేరు బయటపెట్టని ఒక సీనియర్ ఉపాధ్యాయుడికి ఆ పని అప్పగించారు. ఆయనకి బ్లూప్రింట్ పంపారు. సులభమైనవి ముప్పై శాతం, సాధారణమైనవి యాభై శాతం, కఠినమైనవి ఇరవై శాతం ఉండాలి. చిన్న ఇంగ్లీషు అక్షరాలు సులభం. పెద్దక్షరాలూ అంకెలూ సాధారణం. నక్షత్రాలూ డాలర్లూ కఠినం. తెలుగు మాధ్యమం టీచర్లకి తెలుగులో వేరే పాస్‌వర్డు ఇవ్వాలా అని సోషల్ మాస్టారు లేవనెత్తిన సందేహాన్ని కూడా పైకి రాశారు. దానికి జవాబు ఇప్పటికీ రాలేదు.

ఇరవై ఏడు అక్షరాల పాస్‌వర్డు సీలు కవర్లో వచ్చింది. పెట్టెలోకి ఎక్కించడానికి కింద ఊరినుంచి మెకానిక్కుని పిలిపించారు. అతను అక్షరాలు కొడుతున్నంతసేపూ హెడ్మాస్టరు, కస్టోడియను, ఇద్దరు సాక్షులు గోడవైపు తిరిగి నిలబడ్డారు. పని అయ్యాక, "చూశావు కదా, నీకు తెలిసిపోయింది. ఏం చేద్దాం?" అని పకీర్నాయుడు గారు మెకానిక్కుని నిలదీశారు.

"నేను కొట్టిందల్లా కొట్టగానే మరిచిపోతానండి. ఇలాంటివి రోజుకి పది కొడతాను" అన్నాడు అతను.

పకీర్నాయుడు గారి ముఖం వెలిగింది. "ఆ మాటే రాసి సంతకం పెట్టు" అన్నారు.

గొర్రెలమెట్టలో మరిచిపోయినట్టు సంతకం పెట్టిన మొదటి మనిషి ఆ మెకానిక్కు. ఆ కాగితాన్ని పది కాపీలు తీయించి నమూనాగా ఫైల్లో పెట్టుకున్నారు.

పాస్‌వర్డు కవర్లు పోలీసు స్టేషన్లో ఇనప ట్రంకులో ఉంటాయి. రోజుకో కవరు, అన్నిట్లోనూ అదే పాస్‌వర్డు. కూర్మారావు మాస్టారు పొద్దున్నే బండి మీద పద్నాలుగు కిలోమీటర్లు దిగి, స్టేషన్లో రైటరు ట్రంకు తీస్తే కవరు తీసుకుని, సంతకం పెట్టి, ఒక కానిస్టేబులుని వెనకెక్కించుకుని మళ్లీ ఎక్కి వస్తారు. తొమ్మిదిన్నరకి ఇన్విజిలేటర్ల సమక్షంలో సీలు చూపించి, అందరూ "సీలు చెక్కుచెదరలేదు" అన్నాక చింపుతారు. కానిస్టేబులు గుమ్మంలో నిలబడతాడు.

"ఏటండి మాస్టారూ, దొంగలున్న చోట్లు ఒగ్గేసి ఈ కొండమీద నానేటి సెయ్యాలండి?" అని పాపం అతను మొదటి రోజున అడిగాడు.

"నూరు గజాల దూరంలో గుమిగూడినవాళ్లని చెదరగొట్టాలి" అన్నారు పకీర్నాయుడు గారు.

నూరు గజాల దూరంలో ఒక మేకల మందుంది. కానిస్టేబులు దాన్ని చెదరగొట్టాడు.

చదవడం కూర్మారావు మాస్టారి వంతు. "పెద్ద క్యూ... చిన్న ఎమ్... ఏడు... నక్షత్రం... చిన్న జెడ్..." అని రెండుసార్లే చదవాలి. మూడోసారి చదవడం నిబంధనలకి విరుద్ధం. టీచర్లు ఫోన్లలో కొట్టుకుంటారు. ఎవరికైనా మధ్యలో తుమ్ము వస్తే ఆరోజుకి అంతే. తెలుగు పండితులకి మాత్రం ఈ గదిలోకి ప్రవేశం లేదు. ఆయనకి ఒకసారి వింటే పోదు, అవధానాల్లో ధారణ చేసిన బుర్ర. అంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషిని గోప్య సామగ్రికి దగ్గరగా రానివ్వడం ప్రమాదమని తీర్మానించి, ఆయన కుర్చీ వరండాలో వేశారు.

ఎందుకంటే అసలు సమస్య అక్కడే ఉంది. అన్ని కవర్లలోనూ ఒకే పాస్‌వర్డు కదా, రోజూ వింటుంటే ఎవరికైనా గుర్తుండిపోతే? అప్పుడది మనిషి తలకాయలో కూర్చుని కొండ దిగిపోతుంది. దీనికి పుస్తకంలో ఎక్కడా దారి కనబడక పకీర్నాయుడు గారు రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజున మెకానిక్కు కాగితం గుర్తుకొచ్చింది. ఆ సాయంత్రం నుంచి నాలుగున్నర గంటకి ప్రతి టీచరూ రిజిస్టర్లో సంతకం పెట్టడం మొదలైంది. "నేడు నాకు వెల్లడింపబడిన సంకేతపదమును నేను సంపూర్ణముగా, స్వచ్ఛందముగా, ఎవరి ఒత్తిడియు లేకుండ మరచిపోయితినని ధ్రువీకరించుచున్నాను." కింద పేరు, హోదా, మరిచిపోయిన సమయం.

మొదటి రోజున హైమవతి నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టింది. పదో రోజుకి ఆ నవ్వు పోయింది. ఎందుకంటే ఆమెకి పాస్‌వర్డు గుర్తుండిపోయింది. గుర్తుంచుకోవాలని అనుకోలేదు. బియ్యం కడుగుతుంటే, జడ వేసుకుంటుంటే దానంతటదే పెదవుల మీదికి వస్తోంది. పెద్ద క్యూ, చిన్న ఎమ్, ఏడు, నక్షత్రం. బడిలో ఎనిమిది మంది చక్కగా మరిచిపోతుంటే తను ఒక్కత్తే ఇలా తప్పుడు సంతకాలు పెడుతున్నందుకు ఆమెకి నిజంగానే సిగ్గేసేది.

ఈలోగా ఇంకో నేరం బయటపడింది. ఒక పొద్దున కవరు చింపక ముందే సోషల్ మాస్టారి ఫోను టింగుమంది. అందరూ ఉలిక్కిపడ్డారు. నిన్న సాయంత్రం ఆయన సంతకం పెట్టి మరిచిపోయారు గానీ ఆయన ఫోను మరిచిపోలేదు. దానంతటదే పెట్టెకి తగులుకుంది.

"నేనేం చేయలేదండీ, అదే చేసింది!" అని ఆయన లబోదిబోమన్నారు.

"కాపీ కొట్టిన ప్రతివాడూ స్లిప్పు దానంతటదే జేబులోకి వచ్చిందంటాడు" అన్నారు పకీర్నాయుడు గారు. ఫోను మీద మాల్‌ప్రాక్టీసు కేసు రాశారు. సాక్షుల సంతకాలతో దాన్ని కవర్లో పెట్టి సీలు వేశారు. పుస్తకం ప్రకారం శిక్ష రెండేళ్ల డిబారు. సోషల్ మాస్టారు ఇంటికి ఫోను లేకుండా వెళ్లి భార్యకి ఈ సంగతి వివరించడానికి చాలా అవస్థపడ్డారు. అప్పట్నుంచీ సాయంత్రం మనిషి సంతకానికి ముందు ఫోను కూడా అందరి ఎదుటా మరిచిపోవాలని నియమం వచ్చింది.

ఉపాధ్యాయులు ఉదయం తొమ్మిది లోపల ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. కవరు చింపేది తొమ్మిదిన్నరకి. కాబట్టి గొర్రెలమెట్టలో తొమ్మిది మందీ రోజూ బడికి వస్తున్నారు, రోజూ గైర్హాజరవుతున్నారు. సంజాయిషీ అడుగుతూ మెమోలొచ్చేవి. అవీ ఇంటర్నెట్టులోనే వచ్చేవి కాబట్టి తొమ్మిదిన్నర తరవాతే చదువుకునేవారు.

"హాజరు పోతే పోయింది. లీకు లేదు కదా!" అని పకీర్నాయుడు గారు తృప్తిగా అనేవారు. ఎనిమిదేళ్లలో ఆయన ముఖంలో ఆ తృప్తి ఎవరూ చూడలేదు. అందుకే ఎవరికీ గట్టిగా అడ్డం చెప్పడానికి నోరు రాలేదు.

బదిలీల తేదీలొచ్చాయి. భార్యాభర్తల కోటావారికి ఒకే ఒక్క రోజు, గురువారం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. టీచరు తన ఫోనులో తన ముఖం చూపించే లోపలికి వెళ్లాలి కాబట్టి ఇంకొకరు పెట్టడానికి వీల్లేదు. బుధవారం హైమవతి సెలవు చీటీ పట్టుకుని హెడ్మాస్టరు గారి గదికి వెళ్లింది.

"రేపొక్కరోజు సెలవివ్వండి సార్. కిందికి దిగి ఆప్షన్లు పెట్టుకుంటాను."

"రేపు ఫ్లయింగ్ స్క్వాడ్ వస్తోందమ్మా! మన గోప్యత గురించి జిల్లాలో గొప్పగా చెప్పుకుంటున్నారట. స్వయంగా డిప్యూటీ విద్యాధికారి గారే చూడ్డానికొస్తున్నారు. ఇన్విజిలేటరు సీటు ఖాళీగా ఉంటే ఎలా? అయినా తొమ్మిదిన్నరకి కవరొస్తుంది. ఇక్కడే హాయిగా కూర్చుని పెట్టుకోండి."

ఆ మాట నిజమే కదా అని హైమవతి సెలవు చీటీ మడిచేసింది.

గురువారం తొమ్మిదిన్నరకి కూర్మారావు మాస్టారు రాలేదు. పదిన్నరకి రాలేదు. పన్నెండు గంటలకి ఎండలో మాడిపోయి వట్టి చేతులతో వచ్చారు.

"ఎవరో పెద్దాయన పర్యటనట. స్టేషను మొత్తం బందోబస్తుకెళ్లిపోయింది. ట్రంకు ఉంది, దాని తాళంచెవి రైటరు మొలతాడుకుంది, రైటరు నలభై కిలోమీటర్ల అవతల తాడు పట్టుకుని నిలబడ్డాడు. నా బండీ సగం దారిలో ఆగిపోతే నడిచొచ్చాను" అని కూలబడ్డారు.

హైమవతి హెడ్మాస్టరు గారి వైపు తిరిగింది. "సార్, నాకు ఐదింటి దాకే టైముంది. ఏదో ఒకటి చేయండి సార్."

"సీలు కవరు లేకుండా మనం చేయగలిగింది ఏముందమ్మా?" అన్నారు పకీర్నాయుడు గారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. పుస్తకం తీసి అరగంట వెతికారు కూడా. వరదొస్తే ఏం చేయాలో ఉంది, నిప్పంటుకుంటే ఏం చేయాలో ఉంది, రైటరు బందోబస్తుకెళ్తే ఏం చేయాలో లేదు.

రెండింటికి ఫ్లయింగ్ స్క్వాడ్ వచ్చింది. డిప్యూటీ గారు సన్నగా, పొడుగ్గా, నొసటి మీద కళ్లద్దాలతో ఉన్నారు. వరండాలో పండితుల కుర్చీ చూసి తలూపారు. డిబారైన ఫోను సీలు చూసి తలూపారు. మరిచిపోయిన సంతకాల రిజిస్టరు నలభై రోజులదీ తిరగేసి, "అద్భుతం" అన్నారు. "ఈ రోజు సంకేతపదం ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదండి."

"సామగ్రి ఎక్కడుంది?"

"స్టేషన్లో, తాళం లోపలండి. తాళంచెవి కూడా అందుబాటులో లేదండి."

"గోప్యత అనునది ఈ శిఖరమును అందుకొనుట నా సర్వీసులో ఇదే ప్రథమము" అని డిప్యూటీ గారు పైకి చదువుకుంటూ తనిఖీ పుస్తకంలో రాశారు. జీడిపప్పు ఉప్మా తిని, నాలుగింటికి జీపెక్కి వెళ్లిపోయారు.

స్టాఫు రూములో ఎనిమిది మందీ ఉన్నారు. వరండాలోంచి పండితులు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. హైమవతి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మళ్లీ బదిలీలకి ఇంకో రెండేళ్లు. అప్పటికి పిల్లకి ఏడొస్తాయి. మీ ఇంటికెప్పుడెళ్తావని అడగడం కూడా మానేస్తుంది. ఆమె ఏడుస్తుంటే ఒకరు కిటికీలోంచి చూస్తున్నారు, ఒకరు గోళ్లు చూసుకుంటున్నారు. కూర్మారావు మాస్టారు దగ్గి మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపారు. "ఓర్చుకో తల్లీ" అన్నారు ఎవరో.

నాలుగు ముప్పై ఐదుకి హైమవతి కళ్లు తుడుచుకుని లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా పక్కనున్న సైన్సు ల్యాబులోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఫోను తీసింది. ఆరేళ్లలో ఒక్క పిల్లవాడినీ కాపీ కొట్టనివ్వని టీచరు ఆవిడ. అక్షరాలు కొట్టడం మొదలుపెట్టింది. పెద్ద క్యూ. చిన్న ఎమ్. ఏడు. నక్షత్రం. ఇరవై ఏడూ ఆగకుండా వచ్చేశాయి. పెట్టె లోపలికి రానిచ్చింది. ముఖం చూపించమంది. ఏడ్చి ఉబ్బిన ముఖాన్ని మొదటిసారి గుర్తుపట్టలేదు, రెండోసారి ఒప్పుకుంది. నాలుగు యాభై రెండుకి బొబ్బిలి మొదటి పేరుగా ఆప్షన్లు భద్రపడ్డాయి.

సాయంత్రం ఆమె రిజిస్టర్లో సంతకం పెట్టలేదు. ఆరోజు వెల్లడింపబడిన సంకేతపదమే లేదు కాబట్టి ఎవరూ పెట్టలేదు.

వారానికి ఆప్షన్ల పట్టీ పరిశీలన కోసం హెడ్మాస్టర్లకి వచ్చింది. హైమవతి పేరు పక్కన స్థలమూ సమయమూ అచ్చయ్యాయి. గొర్రెలమెట్ట ఉన్నత పాఠశాల, గురువారం, నాలుగు యాభై రెండు. పకీర్నాయుడు గారు పట్టీని ఫ్యానుకి దూరంగా పట్టుకుని మూడుసార్లు చదివారు. గురువారం కవరు స్టేషన్ ట్రంకులోంచి కదల్లేదు. ఆ సంగతి స్వయానా డిప్యూటీ గారే మెచ్చుకుంటూ రాశారు.

విచారణకి మళ్లీ ఆ డిప్యూటీ గారే వచ్చారు. స్టాఫు రూములో బల్ల మీద పచ్చ గుడ్డ పరిచారు. ఒకవైపు డిప్యూటీ, హెడ్మాస్టరు. ఎదురుగా హైమవతి నిలబడింది. మిగిలినవాళ్లు సాక్షులుగా గోడవారన కూర్చున్నారు.

"శ్రీమతి హైమవతి గారూ, ఈ విషయమున రెండే అవకాశములు గలవు. ఒకటి, సీళ్లు భద్రముగా ఉన్నందున ఆనాడు ఎవ్వరునూ ప్రవేశించియుండలేరు. కావున మీరును ప్రవేశించలేదు. కావున మీ ఆప్షన్లు పెట్టబడలేదు. రద్దు."

"పెట్టానండీ. పట్టీలో ఉంది కదండీ."

"అయినచో రెండవది. మీరు సంకేతపదమును గుర్తుంచుకున్నారు. అది మాల్‌ప్రాక్టీసు. రెండు సంవత్సరములు డిబారు. బదిలీ నిలుపుదల. ఇందులో మీకు ఏది అనుకూలమో నిస్సంకోచముగా తెలుపవచ్చును."

హైమవతి అటు చూసింది, ఇటు చూసింది. రెండు దార్లూ గొర్రెలమెట్టకే వస్తున్నాయి. పకీర్నాయుడు గారి వంక చూస్తే ఆయన పాలిపోయి ఉన్నారు. ఆమె గుర్తుందంటే లీకు. లీకంటే ఆయనకి మళ్లీ పదకొండు నెలలు. ఆయన ముందున్న పరీక్షల పుస్తకం మీద ఆమె చూపు ఆగింది. ఆరేళ్లుగా పిల్లలకి బిట్ పేపరు ముందు తను చెప్పే మాట నోటికొచ్చేసింది.

"ఊహించి కొట్టానండీ" అంది.

"ఏమిటి?"

"బిట్ పేపర్లో తెలియనిదానికి ఖాళీ వదలకుండా ఊహించి రాయమంటాం కదండీ. నలభై రోజులూ మరిచిపోయానని సంతకం పెట్టాను, మీరే చూశారు. నాకు తెలియదు. తెలియదు కాబట్టే ఊహించాను. ఒప్పయింది. ఊహించి రాస్తే మార్కు తీసేయాలని పుస్తకంలో ఉందా అండీ?"

పకీర్నాయుడు గారు పుస్తకం లాక్కుని ఆత్రంగా పేజీలు తిప్పారు. "లేదండి! తప్పు రాస్తే తగ్గింపు లేదు, ఊహించి రాస్తే నిషేధం లేదు. జవాబు ఒప్పయితే పూర్తి మార్కులు వేయవలసిందేనండి!"

డిప్యూటీ గారు కళ్లద్దాలు నొసటి మీంచి కిందికి దించుకున్నారు. లెక్క వేసుకున్నారు. ఊహ అయితే సీలు నిలిచింది. సంతకాలు నిలిచాయి. అన్నిటికంటే ముఖ్యంగా, తనిఖీ పుస్తకంలో తను రాసిన వాక్యం నిలిచింది.

"అభ్యర్థిని ఊహ సమంజసమైనదే. అయితే ఇరవై ఏడు అక్షరములను ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని ఊహించగలిగినదన్నచో, ఆ సంకేతపదము మిక్కిలి సులభముగా ఉన్నదని స్పష్టమగుచున్నది. బ్లూప్రింటులో కఠినమునకు కేటాయించిన శాతమును పాటించలేదు. కూర్చిన వారి సంజాయిషీ కోరవలెను. ఇకమీదట అరవై నాలుగు అక్షరములు" అని తీర్పు రాసి, ఉప్మా చల్లారిపోతోందని లేచారు.

బొబ్బిలి బదిలీ ఉత్తర్వు పదో రోజుకి వచ్చింది. హైమవతి సంతోషానికి హద్దుల్లేవు. బట్టలు సర్దుకుంటూ పాడుకుంది కూడా. వెళ్లే రోజు మధ్యాహ్నం స్టాఫు రూములో పకోడీలు, టీ ఏర్పాటు చేశారు. శాలువా కప్పారు. అందరూ ఆమె గురించి రెండేసి మంచి మాటలు చెప్పారు. చివర్లో పకీర్నాయుడు గారు టీ కప్పు కింద పెట్టి, తలుపు వేసి వచ్చారు.

"అమ్మా, పాతది మార్చేశారు కాబట్టి ఇప్పుడు చెబితే తప్పులేదు. నాకో బరువుంది, దించుకోవాలి. నిజం చెప్పండి. మీకది గుర్తుంది కదూ?"

హైమవతి తల వంచుకుంది. "గుర్తుందండీ. పదో రోజునుంచీ గుర్తుంది. నేనొక్కత్తినే తప్పుడు సంతకాలు పెట్టాను. క్షమించండి సార్."

"నాకు మూడో రోజునుంచీ గుర్తుందమ్మా" అన్నారు పకీర్నాయుడు గారు. చెప్పేసరికి ఆయన భుజాలు కిందికి దిగాయి. "ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయాను. పూజలో కూర్చుంటే అదే వచ్చేది. పెద్ద క్యూ, చిన్న ఎమ్, ఏడు, నక్షత్రం, చిన్న జెడ్, రెండు..."

"మూడండి. జెడ్ తరవాత మూడు" అన్నారు కూర్మారావు మాస్టారు, పకోడీ నములుతూ.

"మూడు, ఆ తరవాత డాలరు" అంది లెక్కల టీచరు.

"డాలరు కాదండీ, ముందు పెద్ద హెచ్" అన్నారు సోషల్ మాస్టారు. ఒక్కసారిగా అందరూ నవ్వారు. నలభై రోజుల సంతకాల బరువు దిగిపోయినట్టు, కళ్లు తుడుచుకుంటూ, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ నవ్వారు. ఎవరికి ఎన్నో రోజునుంచి గుర్తుందో చెప్పుకున్నారు. ఐదో రోజున ఒకరికి, ఎనిమిదో రోజున ఇద్దరికి. పండితులైతే వరండాలో కూర్చునే మొదటి రోజే పట్టేశారట.

హైమవతి కూడా నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. ఒక్కొక్కరి ముఖమే వరసగా చూసింది.

"అయితే ఆ గురువారం," అంది, "నేనీ బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, మీకందరికీ గుర్తుందన్నమాట."

కూర్మారావు మాస్టారు నమలడం ఆపేశారు. లెక్కల టీచరు గోళ్లు చూసుకుంది. పకీర్నాయుడు గారు ఏదో చెప్పబోయి, "గుర్తుండటం వేరు, అది బయటికి చెప్పడం వేరు కదమ్మా" అని, ఆ మాట తనకే నచ్చక టీ కప్పు చేతిలోకి తీసుకున్నారు. అది ఖాళీగా ఉంది.

బయట సాయంత్రం బస్సు హారను కొట్టింది. హైమవతి శాలువా తీసి మడత పెట్టి బల్ల మీద ఉంచింది. సంచీ భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కింది.

వాళ్లు ఆమె వెనకే గుమ్మం దాకా వచ్చారు. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయాక గడియారం చూసుకున్నారు. నాలుగున్నరైంది. లోపలికి వెళ్లి, రిజిస్టరు తెరిచి, ఒకరి తరవాత ఒకరు సంతకాలు పెట్టారు.